బెంగళూరులో బండి సర్వీస్: షోరూమ్‌కి ఏది, మన చేతికి ఏది

మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డ్ మీదుగా రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే బండి మీటర్ సగం నిజమే చెబుతుంది. గంటకి 12 కిలోమీటర్ల చొప్పున పాకే బండికి 3,000 కిలోమీటర్లంటే ఇంజన్ 250 గంటలు తిరిగినట్టు. హైవే మీద గంటకి 50 చొప్పున పోయే బండికి అదే దూరం 60 గంటలు. సర్వీస్ షెడ్యూలు మాత్రం రెండిటికీ ఒకటే అంకె చూపిస్తుంది. అందుకని షోరూమ్‌కి ఇవ్వాలా, ఇంట్లో చేసుకోవాలా అన్నది డబ్బు వైపు నుంచి మొదలుపెడితే తేలే లెక్క కాదు. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య బండిని ఎవరు చూస్తున్నారో ముందు చూడాలి.

ఇక్కడ చెప్పేది స్ప్లెండర్, షైన్, యూనికార్న్, పల్సర్ 150 తరహా బళ్ళ గురించి. క్లాసిక్ 350 వాళ్ళకి కూడా చాలావరకు వర్తిస్తుంది. రేడియేటర్ ఉన్న బళ్ళ సంగతి వేరు.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. ఫ్రీ సర్వీసులు అయిపోయిన 150 సీసీ బండికి మామూలు పెయిడ్ సర్వీస్ బిల్లు 1,100 రూపాయల దరిదాపుల్లో ఉంటుందనుకోండి. అందులో లేబర్ 450, దాని మీద 18 శాతం జీఎస్టీ 81, ఆయిల్ 400 పైచిలుకు, మిగతాది "కన్జ్యూమబుల్స్" పేరుతో గుడ్డ, గ్రీజు, క్లీనర్. ఆయిల్ ఇంట్లో మార్చుకున్నా ఆయిల్ ఖర్చు తప్పదు. మిగిలేది 600 దాకా. ఏడాదికి మూడు సర్వీసులైతే 1,800. సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్, ఆయిల్ పట్టే ట్రే, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్ కలిపి 4,000 నుంచి 5,000 అవుతాయి. అవి తిరిగి రావడానికే రెండేళ్ళ పైన, మూడేళ్ళ దాకా. ఆదా కోసమే అయితే పాన పట్టుకోనక్కర్లేదు.

వారంటీలో ఉన్న బండికి చర్చే లేదు. ఫ్రీ సర్వీసులన్నీ గడువులోపు, కిలోమీటర్లు, రోజులు ఈ రెండిట్లో ఏది ముందు వస్తే దానికే చేయించి ఎంట్రీ పడిందో లేదో చూసుకోండి. చాలామంది రోజుల గడువు దాటేస్తారు, వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళు మరీను. ఫ్రీ అంటే లేబర్ ఒక్కటే. ఆయిల్, స్పేర్లకి బిల్లు పడుతుంది.

చెయిన్

చెయిన్‌కి ప్రతి 500 కిలోమీటర్లకీ నూనె పడాలి. బాగా తడిస్తే ఆరిన వెంటనే పడాలి. షోరూమ్ బండిని చూసేది 3,000కో 5,000కో ఒకసారి. అంటే ఆరుసార్లలో అయిదుసార్లు అది మీ పనే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. బెంగళూరులో మెట్రో పనుల దుమ్ము, ఏప్రిల్-మే మామిడి వానలు, ఆపైన అక్టోబర్ దాకా ఆగి ఆగి కురిసే వానలు. ఎర్రమట్టి, నీళ్ళు, పాత నూనె కలిసి రోలర్ల మధ్య సానపొడిలా పనిచేస్తాయి.

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, గేరులో వేసి, తిరుగుతున్న చెయిన్‌ని గుడ్డతో తుడవడం చాలా గ్యారేజీల్లో కనిపిస్తుంది. గుడ్డ స్ప్రాకెట్‌లో చిక్కితే వేళ్ళు కూడా దానితోనే పోతాయి. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పాలి. అలా తిప్పితే కింది వరస చెయిన్ వెనక స్ప్రాకెట్ నుంచి బయటికి వస్తుంది కాబట్టి గుడ్డని లోపలికి లాక్కోదు.

కడగడానికి 100 మిల్లీలీటర్ల కిరసనాయిలు, ఒక పాత టూత్‌బ్రష్ చాలు. కిరసనాయిలు దొరక్కపోతే చెయిన్ క్లీనర్ స్ప్రే వాడొచ్చు. వైర్ బ్రష్, పెట్రోలు వద్దు. ఓ-రింగ్ చెయిన్ అయితే ఆ చిన్న రబ్బరు రింగులు పాడై, కంపెనీలో నింపిన గ్రీజు పోతుంది. ఆ తర్వాత పైన ఎంత పూసినా లోపలి పిన్నుకి చేరదు. తుడిచి పావుగంట ఆరనిచ్చాక, కింది వరస లోపలి అంచు మీద, ప్లేట్లు కలిసే చోట ఈపీ 90 గేర్ ఆయిలో, చెయిన్ స్ప్రేనో పడేలా చక్రం రెండు చుట్లు తిప్పండి. బండి నడిచేటప్పుడు నూనె బయటికి విసురుతుంది కాబట్టి లోపలి నుంచి వేస్తేనే రోలర్ల గుండా పాకుతుంది. రాత్రి వేసి, పొద్దున పైపైన తుడిచేయండి. తడిగా మెరిసే చెయిన్ దుమ్ముని పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. డ్రెయిన్ చేసిన పాత ఇంజన్ ఆయిలే చెయిన్‌కి పూసే అలవాటు ఒకటుంది. అందులో క్లచ్ ప్లేట్ల పొడి, ఇనుప రజను ఉంటాయి, పైగా పల్చబడి టైరు మీదికి చిమ్ముతుంది. ఊరికే వచ్చినా వద్దు.

లూజు కొలిచేది కింది వరస మధ్యలో. వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం కదలిక చాలా కమ్యూటర్ బళ్ళకి (రోజువారీ తిరుగుడు బళ్ళకి) 20 నుంచి 30 మి.మీ. ఉంటుంది. మీ బండి అంకె మాన్యువల్లోనో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీది స్టిక్కర్‌లోనో చూడండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటినే లెక్కలోకి తీసుకోండి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే రెండో చోట తీగలా లాగేస్తుంది. మనిషి ఎక్కి, షాక్ అబ్జార్బర్లు దిగినప్పుడు చెయిన్ ఇంకా బిగుస్తుంది. అప్పుడు ఆ బరువంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ బేరింగ్ మీదా, వెనక చక్రం బేరింగ్ మీదా పడుతుంది. కొంచెం లూజుగా ఉన్న చెయిన్ చప్పుడే చేస్తుంది. మరీ బిగిసిన చెయిన్ చప్పుడు చేయకుండా బేరింగులు తింటుంది.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్లు పావు చుట్టు చొప్పున సమానంగా తిప్పి, స్వింగ్ ఆర్మ్ మీది గీతలు రెండు వైపులా ఒకే చోట ఉన్నాయో లేదో చూడండి. యాక్సిల్ బిగించాక లూజు మళ్ళీ కొలవాలి, కాస్త మారుతుంది. తర్వాత చాలామంది మర్చిపోయేది బ్రేకు. వెనక డ్రమ్ ఉన్న బండిలో చక్రం వెనక్కి జరిగితే బ్రేక్ రాడ్ లాగినట్టవుతుంది. పెడల్‌కి 20 నుంచి 30 మి.మీ. ప్లే మిగల్చకపోతే షూలు డ్రమ్ముని పట్టుకునే తిరుగుతాయి, హబ్ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. బ్రేక్ లైటు ఎప్పుడు వెలుగుతోందో కూడా చూసుకోండి. చెయిన్ లింకు లాక్ తీసి వేస్తే, దాని మూసి ఉన్న వైపు చెయిన్ నడిచే దిక్కుకి ఉండాలి.

ఈ విషయంలో షోరూమ్‌కి మార్కులు తక్కువే. శనివారం పొద్దున బళ్ళు బారులు తీరినప్పుడు జరిగేది వాటర్ వాష్, తడి చెయిన్ మీద స్ప్రే, ఎయిర్ గన్నుతో యాక్సిల్ నట్టు. బిగుతు కొలిచే తీరిక ఎవరికీ ఉండదు. చెయిన్ చుట్టూ పూర్తి కవర్ ఉన్న స్ప్లెండర్, షైన్ లాంటి బళ్ళు ఈ ఊరికి బాగా నప్పుతాయి, కానీ కనపడదు కాబట్టి గుర్తుకు రాదు. కవర్‌లో చిన్న రబ్బరు మూత ఉంటుంది, అందులోంచి లూజు చూడొచ్చు. నూనె సరిగ్గా వేయాలంటే కవర్ విప్పడమే మేలు.

ఇంజన్ ఆయిల్

ఇంట్లో చేయొచ్చు. చేయాలా అన్నది మీకు చోటుందా లేదా అన్నదాన్ని బట్టి.

డబ్బా మీద చూడాల్సింది బ్రాండు కంటే ముందు జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గుర్తు. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఇదే ఆయిల్లో మునిగి ఉంటాయి. వాటికి ఎంఏ లేదా ఎంఏ2 కావాలి. ఎంబీ అంటే రాపిడి తగ్గించినది, స్కూటర్లకి. అది బైకులో పోస్తే క్లచ్ జారుతుంది. నాలుగో గేరులో థ్రాటిల్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి లాగదు. కార్ల ఆయిల్ పోసినా ఇదే ప్రమాదం. కౌంటర్లో అంటగట్టే "ఇంజన్ ట్రీట్‌మెంట్" సీసా కూడా రాపిడి తగ్గించే సరుకే కాబట్టి మర్యాదగా వద్దనేయండి. గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం విషయంలో హీరో, హోండా కమ్యూటర్లకి 10డబ్ల్యూ-30, పల్సర్ 150కి చాలా ఏళ్ళుగా 20డబ్ల్యూ-50, కొత్త క్లాసిక్ 350కి 15డబ్ల్యూ-50. ట్రాఫిక్‌లో వేడెక్కుతోందని సొంతంగా చిక్కటి గ్రేడుకి మారకండి. చెప్పిన గ్రేడే ఉంచి, మార్చే గడువు దగ్గర చేయండి. సిల్క్ బోర్డ్ తరహా నడకకి షెడ్యూల్లో సగం, మూడు వంతుల్లో రెండు వంతుల దూరానికే మార్చడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

ఇంజన్ అయిదు నిమిషాలు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. గోరువెచ్చటి ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది, మరీ వేడిదైతే చేతులు కాలతాయి. సెంటర్ స్టాండ్ వేసే నేల సమతలంగా ఉండాలి. ముందు పైన ఆయిల్ పోసే మూత వదులు చేయండి. అది రాకపోతే కింద డ్రెయిన్ చేసి లాభం లేదు. డ్రెయిన్ బోల్టుకి, చాలా హోండా, హీరో బళ్ళకి 17 సైజు, రింగ్ స్పానర్ లేదా సాకెట్ వాడండి. అడ్జస్టబుల్ పానతో తల గుండ్రంగా అరిగిపోతుంది. పది నిమిషాలు కారనివ్వండి.

ఎక్కువ నష్టం జరిగేది బోల్టు తిరిగి వేసేటప్పుడు. బోల్టు ఇనుము, ఇంజన్ కేసు అల్యూమినియం. వాషర్ కొత్తది వేసి, బోల్టుని వేళ్ళతోనే నాలుగైదు చుట్లు ఎక్కించండి. రెండో చుట్టుకే బిగుసుకుంటే అడ్డంగా ఎక్కినట్టు, తీసి మళ్ళీ వేయాలి. ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పినంతే. కమ్యూటర్లలో ఇది తరచుగా 20, 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, చేతి బలంతో లాగేవాళ్ళు దీన్ని సులువుగా రెట్టింపు చేస్తారు. పాత వాషరే మళ్ళీ వేస్తే చెమరుస్తుంది, చెమరుస్తోందని ఇంకాస్త లాగుతారు, థ్రెడ్డు పోతుంది. అప్పుడిక లేత్ షాపులో హెలికాయిల్ (పోయిన థ్రెడ్డు చోట కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించడమే. ఎయిర్ గన్ను వాడే గ్యారేజీల్లోనూ ఇదే జరుగుతుంది. తేడా ఏమిటంటే థ్రెడ్డు పోయిన సంగతి తర్వాతి సర్వీసులో బయటపడుతుంది.

పోయడం కొలతతో. 100, 125 సీసీ బళ్ళు చాలావాటికి డ్రెయిన్ చేశాక 800, 900 మిల్లీలీటర్లు పడుతుంది. 150 సీసీకి లీటరు దరిదాపు. 900 ప్యాకులూ దొరుకుతాయి. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం బోర్లించకండి. చెప్పిన కొలతకి 100 తగ్గించి పోసి, మూడు నిమిషాలు ఇంజన్ నడిపి, మూడు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి చూడండి. చాలా హీరో, హోండా బళ్ళలో డిప్‌స్టిక్‌ని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పి బిగించి చూస్తే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, బండి ఆయిల్ తక్కువతో తిరుగుతుంది. ఎక్కువ పోస్తే బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఆయిల్ చేరుతుంది, పికప్ తగ్గుతుంది.

ఇంట్లో ఆయిల్ మార్చేవాళ్ళకి తెలియనిది ఒకటుంది. స్ప్లెండర్ తరహా ఇంజన్లలో విప్పి మార్చే పేపర్ ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, క్లచ్ కవర్ లోపల తిరుగుతూ మడ్డిని అంచులకి విసిరే రోటర్ ఫిల్టర్ ఉంటాయి. రోటర్ శుభ్రం చేయాలంటే కవర్ విప్పి గాస్కెట్ మార్చాలి. అది మాన్యువల్ చెప్పిన గడువుకి షోరూమ్‌లోనే చేయించండి, జాబ్ కార్డులో విడిగా రాయించండి. రాయించకపోతే జరగదు. పేపర్ ఫిల్టర్ ఉన్న బళ్ళలో దాన్ని తిరగేసి వేస్తే ఇంజన్‌కి ఆయిల్ అందదు. తీసేటప్పుడే స్ప్రింగు ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి.

మిగతా చిన్న పనులు

ఎయిర్ ఫిల్టర్ పసుపు, గోధుమ రంగులో జిగురుగా ఉన్న పేపర్ రకమైతే గాలి కొట్టకూడదు, కడగకూడదు, మార్చడమే. ఎయిర్ గన్నుతో కొడితే ఆ జిగురు పొర చెదిరి, దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. సర్వీసులో "ఎయిర్ ఫిల్టర్ క్లీన్ చేశాం" అంటే ఏ రకం ఫిల్టర్‌ని క్లీన్ చేశారో అడగండి. స్పాంజి రకాన్ని కిరసనాయిలులో పిండి, ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్లో ముంచి, మెలితిప్పకుండా అదిమి పిండాలి. కంపెనీ 15, 16 వేల కిలోమీటర్లు చెబితే అవుటర్ రింగ్ రోడ్డు బండికి పది వేలకే విప్పి చూడండి.

స్పార్క్ ప్లగ్ సులువు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, చుట్టూ మట్టి ఊదేశాకే విప్పాలి. గ్యాప్ ఎక్కువ బళ్ళకి 0.7 నుంచి 0.9 మి.మీ. కొత్త ప్లగ్ వేళ్ళతో ఆనేదాకా తిప్పి, పైన అర చుట్టు చాలు. టైర్ల గాలి, క్లచ్ కేబుల్ ప్లే వారానికోసారి. లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. ప్లే ఉండాలి. ఈ ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడిపీ నడిపీ ప్లేట్లు అరిగేకొద్దీ ప్లే తగ్గుతూ వస్తుంది. అది సున్నా అయితే క్లచ్ ఎప్పుడూ కాస్త నొక్కినట్టే ఉండి ఇంకా త్వరగా అరుగుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, వేసేటప్పుడు పాజిటివ్ ముందు.

షోరూమ్‌కే ఇవ్వాల్సినవి

బ్రేకులు సగం సగం. ప్యాడ్ల మందం, డ్రమ్ మీది అరుగుదల బాణం మీరే చూడొచ్చు. డిస్క్ ప్యాడ్లు మార్చడం కష్టం కాదు కానీ, పిస్టన్ వెనక్కి నెట్టాక లివర్ గట్టిపడేదాకా పంపు చేయకుండా బండి కదిపితే మొదటి బ్రేకు పడదు. ఫ్లూయిడ్ మార్చడం, గాలి తీయడం మాత్రం షోరూమ్‌లో, ముఖ్యంగా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం జామ్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ ఉంది. దాని యూనిట్లో గాలి చిక్కుకుంటే కొన్ని బళ్ళలో కంపెనీ స్కానర్ లేకుండా తీయలేరు. ఫ్లూయిడ్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి బ్రేకు బాగానే పడుతున్నా రెండేళ్ళకోసారి మార్చాలి. ఈ పని షోరూమ్ వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్పడం అరుదు, అడిగి చేయించుకోవాలి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బళ్ళలో ఇంజెక్షన్, సెన్సార్ల జోలికి ఇంట్లో వెళ్ళకండి. మీటర్లో పసుపు ఇంజన్ లైటు వస్తే స్కానర్ ఉన్నచోటికే వెళ్ళాలి. టాపెట్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) కూడా అంతే, ఫీలర్ గేజ్ వాడే చేయి అలవాటు పడనిదే ముట్టుకోవద్దు. చప్పుడు వస్తోందని మరీ బిగించేస్తారు. కాస్త టిక్కుమనే వాల్వు బతుకుతుంది, చప్పుడే లేని బిగుతు వాల్వు కాలిపోతుంది. గుంతల పుణ్యమా అని కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) ఇక్కడ త్వరగా పోతుంది. ముందు చక్రం నేల మీంచి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడిమధ్య గాడిలో పడ్డట్టు ఆగితే అరిగినట్టే. పరీక్ష మీది, మార్చడం షోరూమ్‌ది.

వెళ్ళేటప్పుడు మంగళవారమో బుధవారమో మొదటి స్లాట్‌లో వెళ్ళండి. జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని రాయనివ్వకండి. "బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి, రోటర్ ఫిల్టర్ క్లీన్ చేయాలి, చెయిన్ లూజు ముట్టుకోవద్దు, పాత పార్టులు తిరిగి ఇవ్వాలి" అని ఒక్కో వరసగా రాయించండి. టెఫ్లాన్ కోటింగ్, డీకార్బనైజింగ్, అడిటివ్ ముందే కొట్టేయించండి. బండి తీసుకున్నాక గేటు దాటకముందే డిప్‌స్టిక్, బ్రేక్ పెడల్ ప్లే, రెండు బ్రేక్ లైట్ స్విచ్‌లు చూసుకోండి.

సామాను, చోటు

టూల్స్‌కి ఎస్‌జేపీ రోడ్, బండి సామానుకి జేసీ రోడ్. పాత పేట ప్రాంతం కాబట్టి తెలుగులో బేరమాడినా చాలా కొట్లలో పనవుతుంది. అయినా ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు మాత్రం కంపెనీ షోరూమ్ స్పేర్ కౌంటర్లోనే కొనండి. సర్వీసు చేయించకపోయినా అమ్ముతారు, ఫ్రేమ్ నంబరు చెబితే సరైన పార్టు ఇస్తారు, నకిలీ భయం ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహనాల స్పేర్లన్నీ 18 శాతం జీఎస్టీలోకి వచ్చాయి, పాత ధర ముద్రించిన ప్యాకెట్ ఇస్తే కొత్త ధర అడగండి.

పీజీలో ఉండేవాళ్ళకి ఆయిల్ మార్చడం సిఫార్సు చేయం. చెయిన్, గాలి, క్లచ్ కేబుల్ చాలు, మిగతావన్నీ షోరూమే. అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే కింద అట్టపెట్టె పరిచి, అసోసియేషన్ వాళ్ళని ముందే అడగండి. నేల మీద ఒక్క చుక్క మరక పడినా ఆ నెల వాట్సాప్ గ్రూపులో అదే చర్చ. బండి కడగడానికి కావేరీ నీళ్ళ పైపు తగిలించకండి. 2024 మార్చిలో నీటి ఎద్దడప్పుడు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడం నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అర బకెట్ నీళ్ళు, తడిగుడ్డ సరిపోతాయి. పైగా ప్రెషర్ వాష్ నీళ్ళు చక్రం బేరింగుల్లోకి చొరబడే బాధ ఉండదు.

తీసిన పాత ఆయిల్ మోరీలో పోయకండి. వాన నీటి మోరీలన్నీ రాజకాలువల్లోకి (ఊళ్ళోని పెద్ద వాన కాలువలు), అక్కణ్ణుంచి చెరువుల్లోకి పోతాయి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే గరాటుతో తిరిగి పోసి, మూత బిగించి, మీద "పాత ఆయిల్" అని రాసి, మీరు స్పేర్లు కొనే షోరూమ్‌లోనో పెద్ద గ్యారేజీలోనో ఇవ్వండి. వాళ్ళ దగ్గర పాత ఆయిల్ పీపాలు ఉంటాయి, రీసైక్లింగ్ వాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. నీళ్ళు, కిరసనాయిలు మాత్రం అందులో కలపకండి, కలిపితే తీసుకోరు.